కరెంటు పగ్గం ఎవరి చేతిలో ఉండాలి?

ముద్దనూరులో ఈ వాదం ఒక కాలిన ప్లగ్గు దగ్గర మొదలైంది. ఎలక్ట్రిక్ ఆటో చార్జర్ ప్లగ్గు అది. మూడు పిన్నుల్లో ఒకటి నల్లబడింది, దాని చుట్టూ ప్లాస్టిక్ కరిగి సాకెట్టుకు అతుక్కుపోయింది. రోజూ పెట్టి పీకడంతో పట్టు వదులైంది, వదులైన చోట వేడి పుట్టింది, ఆ వేడికి పట్టు ఇంకా వదులైంది. దాన్ని బల్ల మీద పెట్టుకుని వాదించుకున్నవాళ్ళు మామ, మేనకోడలు. మామ కలమళ్ళ దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో రిలేలు టెస్టు చేసి రిటైరైన మనిషి. మేనకోడలు పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో ఎలక్ట్రికల్ చివరి ఏడాది. ప్రాజెక్టుకు తీగ లేని చార్జింగ్ తీసుకుంది. ఇద్దరి మాటలూ వాళ్ళ నోటి నుంచి వచ్చినట్టే రాస్తున్నాను. నాకు చెప్పాలనిపించిన చోట మాత్రం మధ్యలో వస్తాను.

మేనకోడలు: ఈ ప్లగ్గును చూసినాక కూడా తీగే మేలంటావా మామా? ప్లగ్గే లేకుంటే కాలేదానికి ఏముంది? నేలలో ఒక కాయిల్, ఆటో కింద ఒక కాయిల్. బండి తెచ్చి దాని మీద నిలబెడితే అయిపాయె.

మామ: కాలేదానికి చానా ఉండాది పాపా. ప్లగ్గు కాలితే పోయేది చిల్లర దుడ్లు. కరెంటు హద్దు దాటితే పోయేది బ్యాటరీ. ఆటోలో పెద్ద ఖరీదు దానిదే. కాయిల్ సంగతి తర్వాత, నాకు కరెంటు సంగతి చెప్పు. బ్యాటరీలోకి పోయే ఆంపియర్లు ఎన్నో ఎవరు చూస్తాండారు? ఎక్కువైతే ఎవరు ఆపుతాండారు?

మేనకోడలు: నా ప్రాజెక్టంతా దాని మీదే. మన దేశంలోనే ఒకటి తయారైంది, దాని లెక్కలు పెట్టుకొనే మాట్లాడుకుందాం. తిరువనంతపురం సీ-డాక్ వాళ్ళు, నాగపూర్ వీఎన్ఐటీ వాళ్ళు కలిసి చేసినారు, 2025లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ దాన్ని బయటికి చెప్పింది. 1.5 కిలోవాట్ల చార్జర్. మన ఇండ్లకొచ్చే 230 ఓల్టుల సింగిల్ ఫేజు చాలు. 48 ఓల్టుల లిథియం బ్యాటరీకి 30 ఆంపియర్ల దాకా ఇస్తాది. రెండు కాయిళ్ళ నడుమ పన్నెండున్నర సెంటీమీటర్ల దాకా ఖాళీ ఉండొచ్చు. మూడు గంటల్లో 90 శాతం నిండుతాది.

మామ: ఎఫిషియన్సీ?

మేనకోడలు: గరిష్ఠం 89.4 శాతం.

మామ: అంటే 1440 వాట్లు బ్యాటరీకి చేరాలంటే 1600 పైన లాగాల. నూట డెబ్బై వాట్లు వేడి కింద పోతాది. మూడు గంటలకు అర యూనిట్టు. సింగరేణి నుంచి వ్యాగన్లలో బొగ్గు తెప్పించి, కాల్చి, ఆవిరి చేసి తీసిన కరెంటు అది.

మేనకోడలు: తీగ చార్జర్‌లో మాత్రం వేడి పోదా? రెండింటికీ నడుమ తేడా అంతకన్నా తక్కువే. ఆ తేడా ఖర్చు వానలో తడిసిన ప్లగ్గు పట్టుకోకుండా ఉండేదానికి పెట్టేదనుకో.

ఈ తగాదాను నేను ఇక్కడే వదిలేస్తున్నాను. యూనిట్ ధర, రోజుకు ఎన్ని గంటలు అని కాగితం మీద వేస్తే తేలిపోయే లెక్క అది. మామ మొదట అడిగిన ప్రశ్న అలా తేలేది కాదు.

మామ: సరే, ఇది ట్రాన్స్‌ఫార్మరే కదా. ప్రైమరీ నేలలో, సెకండరీ బండిలో. ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటును ఎట్ల అదుపు చేయాల్నో నూరేళ్ళ నాడే తెలుసు.

మేనకోడలు: ట్రాన్స్‌ఫార్మరే గాని ఇనుప గుండె లేదు. నీ ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ పుట్టించిన ఫ్లక్సు దాదాపు అంతా సెకండరీకి చేరుతాది. ఇక్కడ నడుమంతా గాలి. పదింట ఒకటి, రెండు పాళ్ళు చేరితే గొప్ప. అందుకే రెండు పక్కలా కెపాసిటర్లు పెట్టి రెజొనెన్స్‌లో నడుపుతారు. ఫ్రీక్వెన్సీ కూడా నీ 50 కాదు, 85 వేలు. 2020లో వచ్చిన ఎస్ఏఈ జే2954 ప్రమాణం కార్లకు 79 నుంచి 90 కిలోహెర్ట్జ్ మధ్యన ఉండమంటాది, నడుమన 85.

మామ: మేం యాభైని పట్టుకొని ఉండేదానికి తలకిందులైతా ఉంటిమి. దానికి పదిహేడు నూర్ల రెట్లు.

మేనకోడలు: అసలు విచిత్రం అది కాదు మామా. ఆటోవాడు బండిని సరిగ్గా మధ్యలో కాకుండా జానెడు పక్కకు నిలబెట్టినాడనుకో. బ్యాటరీకి పోయే కరెంటు ఏమైతాది?

మామ: తగ్గుతాది. దూరం జరిగితే తగ్గక ఏమైతాది?

మేనకోడలు: పెరుగుతాది.

మామ: యాడన్నా ఉందా అట్లా?

మేనకోడలు: రెండు పక్కలా కెపాసిటర్‌ను సీరీస్‌లో పెడితే అంతే. లెక్క వేసి చూపిస్తా. బండి కాయిల్లో పారే కరెంటు ఎంతంటే, నేల పక్క ఇన్వర్టర్ ఇచ్చే ఓల్టేజీని ఫ్రీక్వెన్సీతోను, రెండు కాయిళ్ళ నడుమ ఉండే మ్యూచువల్ ఇండక్టెన్సుతోను భాగించాల. బ్యాటరీ ఓల్టేజీ ఆ లెక్కలోకే రాదు. బ్యాటరీ ఖాళీగా ఉన్నా, సగం నిండినా ఒకే కరెంటు. చార్జింగ్‌కు అది మంచిదే, మొదటి దశలో మనకు కావాల్సింది నిలకడైన కరెంటే కదా. కాని మ్యూచువల్ ఇండక్టెన్సు భాగించే చోట ఉండాది. అది తగ్గితే కరెంటు పెరుగుతాది. సరిగ్గా నిలబెట్టినప్పుడు 24 ఆంపియర్లు అనుకో. కాయిళ్ళు పక్కకు జరిగి ఇండక్టెన్సు ఐదో వంతు తగ్గితే 30 అవుతాది. సగమైతే 48.

మామ: కింద ఇన్వర్టర్ సంగతి?

మేనకోడలు: అదీ ఎక్కువ లాగుతాది. బండి కాయిల్ నేల కాయిల్‌కు చూపించే అడ్డు తగ్గిపోతాది కాబట్టి. బండి మొత్తానికే వెళ్ళిపోయి ఇన్వర్టర్ ఆపకుండా ఉంటే ఇంక అడ్డే లేదు. రెజొనెన్స్‌లో ఉండే కాయిల్ రాగి తీగ నిరోధం తప్ప ఏమీ మిగలదు. దాదాపు షార్ట్ సర్క్యూట్.

మామ కాసేపు కాగితం మీదే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత బయటికి వెళ్ళి, ఇంటి ముందు నిలబెట్టిన ఆటో కింద అరచేయి పెట్టి నేలకూ ఛాసిస్‌కూ మధ్య ఎత్తు కొలిచాడు. నేల మీద పరిచినవి నాపరాళ్ళు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, ముద్దనూరు చుట్టుపక్కల గనుల్లో తీసి ఊళ్ళకు ఊళ్ళు అరుగులు, గోడలు, పైకప్పులు కూడా వేసుకునే రాళ్ళు. ఆ కాయిల్‌ను ఈ నేలలో ఎక్కడ దాచాలనేది ఆయన తర్వాతి ప్రశ్న.

మామ: బండ కింద పెడతావా, బండ మీదనా?

మేనకోడలు: బండ కిందనే పెట్టొచ్చు. సున్నపురాయి కదా, అయస్కాంతానికి అడ్డు రాదు, కరెంటు పారనీయదు. కాంక్రీట్ అయితేనే కష్టం. అందులో కడ్డీలు ఉంటాయి, వాటిలో సుడి కరెంట్లు పుట్టి కడ్డీలు వేడెక్కుతాయి. కాకుంటే బండ మందం ఖాళీలోకి చేరుతాది.

మామ: అంగుళం, అంగుళంన్నర.

మేనకోడలు: ఆ అంగుళంన్నరే ఇండక్టెన్సును మారుస్తాది. బండిలో మనుషులు దిగితే స్ప్రింగులు లేచి ఇంకొంచెం మారుతాది. టైర్లో గాలి తగ్గినా మారుతాది. ప్రయోగశాలలో కొలిచిన కరెంటు ముద్దనూరు బండ మీద రాదు. అందుకే అదుపు కావాల.

మామ: కావాలని నేనూ అంటాండా. ఆ అదుపు యాడ పెట్టాలనేదే తగాదా. నేను నేల పక్కనే పెట్టాలంటా.

మేనకోడలు: నేను బండిలో పెట్టాలంటా.

మామ: ఏంటికి? మా ప్లాంటు చూడు. 1994లో మొదటి యూనిట్టు పెట్టినారు. ఐదు 210 మెగావాట్లవి, ఒకటి 600ది, మొత్తం 1650. బయట జనం ఏ స్విచ్చులు వేసుకుంటారో మాకు తెలీదు. మిషను వేగం రవ్వంత పడితే గవర్నర్ ఆవిరి వాల్వు తెరుస్తాది, పెరిగితే మూస్తాది. నిమిషానికి 3000 చుట్లు, దాని లెక్కన 50 హెర్ట్జ్. అదుపంతా పుట్టేచోట. ఇంటింటికీ పోయి వాల్వు పెట్టినామా?

మేనకోడలు: ఇంటింటికీ ఫ్యూజు పెట్టినారు కదా మామా.

మామ: ఫ్యూజు అదుపు కాదు, ఆపు. అది వేరే. రోజువారీ పని మాట్లాడుతాండా నేను. ప్రొద్దుటూరులో ఒక ఆటో స్టాండు అనుకో. నేలలో కాయిల్ ఉండే ప్యాడ్లు రెండో మూడో, వచ్చిపోయే ఆటోలు ముప్పై. అదుపు చేసే ఖరీదైన సామాను నేలలో పెడితే రెండు మూడు చోట్ల పెడతావు. బండిలో పెడితే ముప్పై చోట్ల పెట్టాల. ఆ దుడ్లు ఆటోవాడే కట్టాల. బరువూ వాడే మొయ్యాల.

మేనకోడలు: ఖర్చు మాట నిజమే, ఒప్పుకుంటా. కాని నేల నుంచి ఎట్ల అదుపు చేస్తావు? ఇన్వర్టర్‌లో రెండు కాళ్ళు ఉంటాయి. వాటి నడుమ ఫేజు జరిపితే ఓల్టేజీ అల సన్నగైతాది, కరెంటు తగ్గుతాది. సగానికి తగ్గించే దాకా బాగుంటాది. ఇంకా సన్నగ చేస్తే దాంట్లో ఉండే మాస్ఫెట్ స్విచ్చులు మెత్తగ మారవు, ఓల్టేజీ నిండుగ ఉన్నప్పుడే మూసుకుంటాయి. సెకనుకు 85 వేల సార్లు. అక్కడ వేడి పుడుతాది. ఫ్రీక్వెన్సీ జరిపి తగ్గిస్తామంటే 79 నుంచి 90 దాకానే జాగా. కాయిళ్ళు మరీ దగ్గరైనప్పుడు రెజొనెన్స్ ఒక చోట కాకుండా రెండుగ చీలుతాది. తగ్గించేదానికి జరిపిన దిక్కునే కరెంటు ఎక్కుతాది.

మామ: అది డిజైనరు చూసుకోవాల్సిన పని. పులివెందుల చీనీ తోటలో డ్రిప్పు చూసినావు కదా. మోటారు ఫుల్లుగ తోలుతా, చెట్ల దగ్గర గేటు వాల్వు బిగిస్తే ఏమైతాది? నీళ్ళు తగ్గుతాయి నిజమే, కాని లైనంతా ప్రెజరెక్కి యాడో ఒక జాయింటు ఊడుతాది. తోట చివర బిగించేవాడు తెలివైనోడు కాదు. మోటారు దగ్గర తగ్గించాల.

మేనకోడలు: ఆ పోలిక నాకే పనికొస్తాది. ఊడేది యాడో చెప్తా ఉండు. ముందు నీ పద్ధతిలో ఉండే ఒక ఇబ్బంది చెప్పనీ. నేల మీద ఉండే కంట్రోలర్‌కు బ్యాటరీలో ఎన్ని ఆంపియర్లు పోతాండాయో ఎట్ల తెలుసు?

మామ: బండి చెప్తాది. రేడియోలో.

మేనకోడలు: చెప్తాది. పెద్ద కార్లకు వైఫై వాడే ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 15118. చిన్న బండ్లకు బ్లూటూత్ పెట్టుకోవచ్చు. మాట పోయి రావాలంటే పదుల మిల్లీసెకన్లు. మధ్యలో తెగితే ఇంకా ఎక్కువ.

మామ: ఆగిన బండికి పదుల మిల్లీసెకన్లు ఏం లెక్క? బ్యాటరీ ఓల్టేజీ నిమిషాల మీద మారుతాది. పదహారు సెల్లుల ఫాస్ఫేట్ ప్యాకయితే 58.4 ఓల్టులకు చేరేదాకా ఒకే కరెంటు, ఆ తర్వాత ఓల్టేజీని పట్టుకొని కరెంటును మెల్లగా దింపాల. అది గంటల పని. రేడియో అర సెకను ఆలస్యమైనా ఏమీ కాదు. నువ్వు పరుగెత్తే రోడ్డు గురించి చెప్తే ఒప్పుకుంటా. కొరియాలో గుమిలో 2013లో బస్సు నడుస్తుండగానే నేల నుంచి ఎక్కించినారు, డెట్రాయిట్‌లో 2023లో ఒక వీధిలో కాయిళ్ళు పాతినారు. అక్కడ మిల్లీసెకన్లు కావాల. ముద్దనూరు ఆటో నిలబడి ఉంటాది.

నిజం చెప్పాలంటే ఇక్కడికి మామదే పైచేయి అనుకున్నాను. నిలబడిన బండికి నెమ్మదైన అదుపు చాలు, దాన్ని పంచుకునే చోట పెడితే ఖర్చు తగ్గుతుంది. మేనకోడలి దగ్గర మిగిలిన సమాధానం మాత్రం రోజువారీ పని గురించి కాదు.

మేనకోడలు: బ్యాటరీ పూర్తిగా 30 ఆంపియర్లూ తీసుకుంటాంది. మే నెల మధ్యాహ్నం. ఆటో ఎండలో తిరిగి తిరిగి వచ్చి ప్యాడ్ మీద ఆగింది. లోపల సెల్లు వేడి హద్దు దాటింది. బ్యాటరీని కాపలా కాసే బీఎంఎస్ ఏం చేస్తాది?

మామ: ముందు కరెంటు తగ్గించమంటాది.

మేనకోడలు: మంచి బీఎంఎస్ అయితే అడుగుతాది. మాట అందకపోతే, లేదంటే ఒక సెల్లు ఓల్టేజీ హద్దు దాటితే?

మామ: కాంటాక్టర్ తెరుస్తాది. బ్యాటరీని విడగొడతాది. ఇంకేముంది, బ్యాటరీ బతికింది.

మేనకోడలు: బ్యాటరీ బతికింది. బండి కాయిల్ సంగతి? ఇందాక నేను ఏం చెప్తిని? సీరీస్ పద్ధతిలో బండి పక్క కరెంటు బ్యాటరీని చూడదు. ఇన్వర్టర్ ఓల్టేజీ ఉన్నంతసేపు ఆ ఆంపియర్లు పారాల్సిందే. దారి మూసేసినావు. అప్పుడు?

మామ మాట్లాడలేదు. ఆయన ముఖం చూస్తే తెలిసింది, సమాధానం ఆయనకు కొత్తది కాదు. చాలా ఏళ్ళు చేతుల్లో ఉన్న సంగతే ఇంకో వేషంలో ఎదురుపడింది.

మామ: సీటీ. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్.

మేనకోడలు: అదే.

మామ: సీటీ సెకండరీ ఓపెన్ చేయగూడదు. కొత్తగా చేరినవానికి మేం నేర్పే మొదటి పాఠం అది. లైన్లో వేల ఆంపియర్లు పోతుంటాయి, సీటీ దాన్ని ఐదుకో ఒకటికో దింపి రిలేకు ఇస్తాది. రిలే తీయాలంటే ముందు షార్టింగ్ లింకు వేసి తర్వాత తీయాల. లింకు వేయకుండా వైరు లాగినావా, ఆ ఐదు ఆంపియర్లు పోయే దారి లేక టెర్మినల్ దగ్గర ఓల్టేజీ వేలల్లోకి ఎగుస్తాది. మనిషిని చంపుతాది, సీటీని కాలుస్తాది. వేరే సర్క్యూట్లలో షార్టు చేస్తే ప్రమాదం, తెరిస్తే క్షేమం. సీటీలో తెరిస్తే ప్రమాదం, షార్టు చేస్తే క్షేమం.

మేనకోడలు: నా బండి కాయిల్ కూడా అంతే మామా. తెరిస్తే కాయిల్ కరెంటును డీసీ చేసే రెక్టిఫయర్ మీద ఓల్టేజీ ఎగుస్తాది, డయోడ్లు పోతాయి, కెపాసిటర్ పగుల్తాది. నేల పక్క కూడా బాగుండదు. తెరిచినప్పుడు బండి చూపించే అడ్డు పోయి ఇన్వర్టర్ షార్టు చూస్తాది. షార్టు చేస్తే రెండు పక్కలా క్షేమం. బండి కాయిల్లో కరెంటు తిరుగుతాది గాని బ్యాటరీకి పోదు. నేల పక్క చూసే అడ్డు అమాంతం పెరుగుతాది, ఇన్వర్టర్ కరెంటు దానంతట అదే పడిపోతాది.

మామ: ఉండు. పడిపోయిన సంగతి ఇన్వర్టర్‌కు కనపడుతాది కదా?

మేనకోడలు: కనపడుతాది. దాని సొంత కొలతలోనే.

మామ: అయితే రేడియో తెగినా పర్వాలేదు. బండి షార్టు చేస్తే నేలకు సమాచారం కాయిల్లోనుంచే పోయింది. ఇన్వర్టర్ ఆగిపోవచ్చు.

మేనకోడలు: దానికే నేను అదుపు బండిలో ఉండాలంటిని.

మామ: కాదు పాపా. నువ్వు చెప్పింది అదుపు కాదు, ఆపు. ఇందాకటి ఫ్యూజే. షార్టు చేసే స్విచ్చు బండిలో పెట్టు, నేను కాదనను. పెట్టకుంటే ఆ బండిని ప్యాడ్ మీదికి రానీను. కాని దాని కోసం బండిలో బక్ కన్వర్టర్, ఇండక్టర్, హీట్ సింకు, అవన్నీ ఏంటికి? రెక్టిఫయర్‌లో కింది రెండు డయోడ్ల బదులు రెండు మాస్ఫెట్లు పెట్టు. వాటినే మూస్తే షార్టు. ఖర్చు ఎంత?

మేనకోడలు: తక్కువే. కాని ఆ రెండు మాస్ఫెట్లనే సెకనుకు వేల సార్లు కొలిచి కొలిచి మూస్తే అదుపు కూడా వాటితోనే చేయొచ్చు. షార్టు ఎంతసేపు, బ్యాటరీకి ఎంతసేపు అని పంచితే సరాసరి కరెంటు మన చేతిలో ఉంటాది. నేలను అడగాల్సిన పని లేదు.

మామ: ఆ పని చేసినంతసేపు బండి కాయిల్లో తిరిగే కరెంటు ఊరికే వేడి చేస్తా ఉంటాది. నా గేటు వాల్వు కథ అదే కదా.

మేనకోడలు: అదే. అందుకే పెద్ద తగ్గింపు నేల పక్కన, మెల్లగా. చిన్న సవరింపు బండిలో, వేగంగా.

ఇక్కడ ఇద్దరూ ఒకచోటికి వచ్చినట్టు కనిపిస్తుంది గాని రాలేదు. కెపాసిటర్లు సీరీస్‌లో పెట్టే పద్ధతి ఒక్కటే లేదని, నేల పక్కన మరో ఇండక్టర్, రెండు కెపాసిటర్లు కలిపే ఎల్‌సీసీ పద్ధతి ఉందని మేనకోడలు చెప్పింది. అందులో బండి లేకపోయినా నేల కాయిల్ కరెంటు హద్దులో ఉంటుంది, బండి పక్క సీరీస్ కెపాసిటర్ ఉంటే బయటికి వచ్చేది స్థిరమైన ఓల్టేజీ. తెరిచినా ఎగసిపడదు. మామ అది వినగానే దాని లొసుగు పట్టుకున్నాడు. బ్యాటరీ లోపలి నిరోధం మిల్లీ ఓముల్లో ఉంటుంది. అలాంటిదానికి స్థిరమైన ఓల్టేజీ కలిపితే, ఆ ఓల్టేజీ కొద్దిగా పెరిగినా కరెంటు చాలా ఎక్కువగా పెరుగుతుంది. బండి జానెడు జరిగితే ఓల్టేజీ మారుతుంది, ఆంపియర్లు అదుపు తప్పుతాయి. అంటే మధ్యలో కన్వర్టర్ తప్పదు. ఒక ప్రమాదాన్ని తీసేస్తే ఇంకో చోట ఖర్చు వచ్చింది. ఆక్లండ్‌లో జాన్ బాయిస్, గ్రాంట్ కోవిక్ దశాబ్దాలుగా ఈ కాయిళ్ళ మీద పని చేసినా, ప్రపంచమంతా పరిశోధన పత్రాలు ఇంకా వస్తూనే ఉన్నాయంటే కారణం ఇదే. అన్ని సుగుణాలూ ఒకే సర్క్యూట్‌లో దొరకవు.

నా మాట ఒకటి చెప్తాను. వాదం విన్నంతసేపు నాకు ఇంజనీరింగ్ కన్నా ఇంకో ప్రశ్న బరువుగా తోచింది. ప్యాడ్ ఎవరిది, బ్యాటరీ ఎవరిది? ప్యాడ్ పెట్టేది ఏదో కంపెనీయో పురపాలక సంఘమో అవుతుంది. బ్యాటరీకి నెల నెలా వాయిదా కట్టేది ఆటో నడిపే మనిషి. కరెంటు అదుపు మొత్తం ప్యాడ్ చేతిలో ఉంటే, ఆ మనిషి తన ఆస్తిని ముక్కూ మొహం తెలియని పెట్టెకు అప్పజెప్పినట్టు. ప్యాడ్ తప్పు కొలిచినా, దానికి పాత సాఫ్ట్‌వేర్ ఉన్నా, దెబ్బ తగిలేది అతనికి. కాబట్టి బ్యాటరీలోకి పోయే ఆంపియర్లను కొలిచే సెన్సరు బండిలోనే ఉండాలి, ఆపే అధికారం బండికే ఉండాలి. రోజువారీ అదుపు ఎక్కడ పెట్టినా ఆ రెండింటినీ మాత్రం నేలకు ఇవ్వకూడదు. కొనేటప్పుడు ఆటో డ్రైవరు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: రేడియో తెగిన క్షణంలో బండి తనంతట తాను ఏం చేస్తుంది? ఎన్ని గంటల్లో నిండుతుంది అనేది ఆ తర్వాతి మాట.

దీన్ని మామ ఒప్పుకున్నాడు. మేనకోడలు ఒప్పుకుంటూనే ఇంకోటి కలిపింది.

మేనకోడలు: బండి ఒక్కదానికే కాదు, నేలకూ ఒక బాధ్యత ఉంది. ప్యాడ్ మీద రూపాయి బిళ్ళ పడినా, గుట్కా ప్యాకెట్ పడినా.

మామ: రూపాయి బిళ్ళ స్టీలు, వేడెక్కుతాది. గుట్కా ప్యాకెట్‌కు ఏమైతాది?

మేనకోడలు: లోపల సన్నని అల్యూమినియం పూత ఉండేవి ఉంటాయి. అంత పల్చటి రేకులో సుడి కరెంటు పుడితే క్షణాల్లో కాలొచ్చు. మన స్టాండ్లలో నేల మీద ఏముంటాదో నీకు తెలీదా? బండి కిందికి పిల్లి దూరొచ్చు, పిల్లలు బంతి కోసం చెయ్యి పెట్టొచ్చు. జనం ఉండే చోట అయస్కాంత క్షేత్రం 27 మైక్రోటెస్లా దాటగూడదని అంతర్జాతీయ సంస్థ ఐక్‌నిర్ప్ 2010లో హద్దు పెట్టింది. బండి పక్కకు జరిగి కరెంటు పెరిగితే అంచుల్లో ఆ క్షేత్రం కూడా పెరుగుతాది. కరెంటు అదుపంటే బ్యాటరీని కాపాడేది ఒక్కటే కాదు.

మామ: అయితే ప్యాడ్ మీద రేకు పడిందని ఎట్ల కనిపెడతావు?

మేనకోడలు: పోయిన పవర్, చేరిన పవర్ తేడా చూస్తే పెద్ద లోహం దొరుకుతాది. కిలోవాట్నరలో నూట డెబ్బై వాట్లు మామూలుగానే పోతాంటే, ఐదు వాట్ల రేకు ఆ తేడాలో కనపడదు. దానికి ప్యాడ్ మీద వేరే సన్నని కాయిళ్ళు పరచాల. మామా, ఒకటి అడుగుతా. నేను చదువుకున్నదానిలో చానా పత్రాలు బండి కరెంటును రేడియో లేకుండా, నేల పక్క కొలతల నుంచే లెక్కగట్టొచ్చు అంటాయి. సెన్సరే అక్కర్లేదు అంటాయి. నీకు అది నచ్చాల కదా, అదుపంతా నేల పక్కనే అయిపోతాది.

మామ: లెక్కగట్టేదానికి కెపాసిటర్ విలువ కచ్చితంగా తెలియాల కదా?

మేనకోడలు: తెలియాల.

మామ: బండ కింద, మే నెలలో, నలభై నాలుగు డిగ్రీల ఎండ కాసిన నేలలో పూడ్చిన కెపాసిటర్ పొద్దున ఉన్న విలువే మధ్యాహ్నం కూడా చూపిస్తాదా?

మేనకోడలు: చూపించదు. విలువ కొంచెం జరిగినా రెజొనెన్స్ జరుగుతాది, లెక్క తప్పుతాది.

మామ: అయితే నాకు నచ్చదు. రిలేకు సీటీ కావాల, లెక్క కాదు. అంచనా మీద ట్రిప్పు పెట్టేవాడు ఒకసారి ట్రిప్పు కావాల్సిన చోట కాడు, ఇంకోసారి వద్దన్న చోట అవుతాడు. అంచనా నేల పక్కన పెట్టుకో, రెండో సాక్ష్యం కింద. బండి చెప్పే అంకె, నేల లెక్కగట్టిన అంకె కలవకపోతే ఆపేయాల.

నేల మీద అదుపు పెట్టాలని వాదించిన మనిషే బండిలో సెన్సరు తప్పదన్నాడు. బండిలో పెట్టాలన్న పిల్ల పెద్ద తగ్గింపు నేల పక్కనే చేయాలంది. మిగిలింది ఖర్చు తగాదా. బండిలో ఉండే రెండు మాస్ఫెట్లు ఆపడానికి మాత్రమేనా, సవరించడానికి కూడానా అన్నది. మేనకోడలు సవరించడానికీ వాడతానంటుంది, ఎందుకంటే ప్రొద్దుటూరులో ఒక ప్యాడ్, జమ్మలమడుగులో ఇంకో కంపెనీ ప్యాడ్, రెండూ ఒకలా నడవవు, బండి తనకు తాను సర్దుకోగలగాలి. మామ వద్దంటాడు, సవరించే పనిలో రోజూ వేడెక్కే మాస్ఫెట్టు అవసరం వచ్చిన రోజు ఆపే పని చేయకపోవచ్చు. రక్షణకు పెట్టిన దాన్ని రోజువారీ పనికి వాడకూడదు అనేది ప్లాంటు నుంచి ఆయన తెచ్చుకున్న నియమం. నాకు ఈ ఒక్క సంగతిలో మామ మాటే సబబనిపిస్తుంది.

మేనకోడలు: సరే, ఆపేదానికి వేరే జత పెడతా. ధర కొంచెం పెరుగుతాది.

మామ: పెరగనీ. టెస్టు ఎట్ల చేస్తావు?

మేనకోడలు: ముందు ఎఫిషియన్సీ కొలుస్తా. కాయిళ్ళను సెంటీమీటరు సెంటీమీటరు జరుపుతా, ప్రతి చోటా కరెంటు రాసుకుంటా.

మామ: అవి తర్వాత. మొదటి టెస్టు చార్జింగ్ నడుస్తుండగా కాంటాక్టర్ తెరిచేది. రేడియో ఆపేసి తెరువు. స్కోప్ రెక్టిఫయర్ మీద పెట్టు, ఓల్టేజీ ఎంత ఎగిసిందో, షార్టింగ్ స్విచ్చు ఎన్ని మైక్రోసెకన్లకు పడిందో, ఇన్వర్టర్ ఎప్పుడు ఆగిందో మూడూ ఒకే తెర మీద కనపడాల.

మేనకోడలు: 30 ఆంపియర్ల మీద?

మామ: రెండు ఆంపియర్ల మీద మొదలుపెట్టు. బ్యాటరీ బదులు మొదట రెసిస్టర్ లోడు పెట్టుకో. ఐదుకు పో, పదికి పో. ప్రతిసారీ బొమ్మ దాచిపెట్టు. ముప్పైకి పోయే రోజు నన్ను పిలువు, నేనొచ్చి దగ్గర నిలబడతా.